తారు ఆరేదాకా

ఆగస్టు 4, శనివారం

ఈ యేడు డ్రైవ్‌వే తారుకి నల్లటి సీలర్ పూత వేసి సీల్ చెయ్యాల్సిందే. చేసి మూడేళ్లయింది. నలుపు పోయి బూడిద రంగుకొచ్చింది. గ్యారేజీ దగ్గర్నుంచి వీధి దాకా ఒక బీట పాకింది, అందులో గడ్డి కూడా మొలిచింది. గడ్డం గీసుకోకుండా చర్చికి వెళ్లినట్టుంది నాకు. మోకాళ్ల మీద కూర్చుని పాత చాకుతో అంతా పీకేశాను.

డోలి వంటింటి కిటికీలోంచి చూసి నవ్వింది. మా ఆయనకి పిల్లలు లేని లోటు ఆ తారు తీర్చిందమ్మా, అని ఫోనులో వాళ్ల చెల్లెలికి చెబుతోంది. చెప్పుకోనీ. ఎవరైనా దాని మీద సైకిలు స్టాండు వేస్తే నాకు ఒళ్లు మండే మాట నిజమే.

కిందటిసారి సీల్ చేసిన వేసవిలోనే డోలి పేరు కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో చేరింది. అప్పట్నుంచీ సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్. కిడ్నీ దొరికిందని ఫోను వస్తే బయల్దేరడానికి సంచి సర్ది తలుపు పక్కన పెట్టి ఉంది. ఆపరేషన్ చేసే పిట్స్‌బర్గ్ ఆసుపత్రి రెండు గంటల దారి. స్నానానికి వెళ్లినా ఫోను నాతోనే వస్తుంది.

ఆగస్టు 7

పక్కింటి డెన్నీతో మళ్లీ గొడవ. ప్లంబర్ వాడు. వాడి ట్రక్కు చంటిపిల్లాడి ముక్కులాగా ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. దాన్ని మా డ్రైవ్‌వేలో వెనక్కి తిప్పి అరచేతంత నూనె మరక పెట్టాడు. కళ్లు కనబడటం లేదా అని అరిచాను. పెద్దాయనా, అది కారు తోలే దారయ్యా, మీ భోజనాల బల్ల కాదు, అన్నాడు. ముఖం మాడ్చుకుని లోపలికొచ్చాను. తర్వాత గిన్నెల సబ్బు పోసి రుద్దాను. నూనె ఉన్నచోట సీలర్ పట్టదు, పెచ్చులూడిపోతుంది.

ఆగస్టు 10, శుక్రవారం

వాన. డయాలిసిస్ నుంచి వచ్చేసరికి డోలికి నిలబడే ఓపిక లేదు. తడవకుండా ఉంటుందని కారు నేరుగా గ్యారేజీలోకి తెచ్చాను. రేపట్నుంచి మూడు రోజులు ఎండ, ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్ అని టీవీలో చెప్పారు. సీలర్‌కి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. బీటలు మొన్ననే పూడ్చి ఉంచాను.

ఆగస్టు 11, శనివారం, మధ్యాహ్నం

అయిపోయింది! పొద్దున తడి ఆరగానే మొదలుపెట్టాను. అంచులు బ్రష్షుతో దిద్ది, గ్యారేజీ గుమ్మం దగ్గర్నుంచి సీలర్ ఒక చారగా పోస్తూ, రబ్బరు పట్టీ ఉన్న కర్రతో లాక్కుంటూ, వెనక్కి నడుచుకుంటూ వీధిలోకి తేలాను. ఏం నలుపు! వీధి మొగలో రెండు ఖాళీ బకెట్లు పెట్టి పసుపు తాడు కట్టాను. రెండు రోజులు దీని మీద కారు ఎక్కకూడదు.

డెన్నీ వచ్చి చూశాడు. బాగుంది పెద్దాయనా, ఇందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అన్నాడు. అని, ఇంతకీ మీ కారేదీ, అన్నాడు.

కారు గ్యారేజీలో ఉంది.

ముందురోజే కారు తీసుకెళ్లి వీధిలో పెట్టుకోండర్రా అని ఈ వీధి వీధంతటికీ పాఠం చెప్పింది నేను. డెన్నీ గడ్డిలో కూలబడి నవ్వాడు. డోలి అయితే కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సోమవారం డయాలిసిస్ నాటికి ఆరుతుందిలే అన్నాను.

అదే రోజు, పిట్స్‌బర్గ్ ఆసుపత్రి

నాలుగింటికి ఫోను మోగింది. డోలికి సరిపోయే కిడ్నీ ఒకటి దొరకొచ్చు, ఆమెది రెండో పేరు, మొదటివాళ్లకి సరిపోకపోతేనే ఆమెకి, అయినా వెంటనే బయల్దేరి రండి అన్నారు.

గ్యారేజీ తలుపు తీశాను. ఎదురుగా తడి తారు. సంచి పట్టుకుని దానికేసి చూస్తూ నిలబడ్డాను. డెన్నీ అవతల్నుంచి, గడ్డి మీంచి వచ్చెయ్యండి, నా ట్రక్కులో తీసుకెళతా, అని కేకేసి సీటు మీది పైపులు తీసి బయట పారేస్తున్నాడు. డోలి నడవగలదా, ఆ ట్రక్కు అంత దూరం వెళుతుందా అని నేను లెక్కలు వేస్తున్నాను.

ఇంతలో వెనక కారు స్టార్టయింది. స్టీరింగు ముందు డోలి! నా పక్కనుంచే వెనక్కి తోలింది. కొత్త తారు టైర్ల కింద చిరిగిపోతున్న చప్పుడు నా చెవులతో విన్నాను. తాడు తెగింది, బకెట్లు దొర్లాయి. వీధిలో ఆపి అద్దం దించి అరిచింది. వస్తావా కాజ్, లేకపోతే దాని పక్కనే కూర్చుని ఏడుస్తావా?

తారులో పడి పరిగెత్తాను.

ఇదంతా ఆసుపత్రి కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. తారు అంటిన బూట్లు విప్పి రమ్మన్నారు. దేవుడా, ఈ ఒక్కటీ ఇవ్వు. ఇంకేమీ అడగను.

ఆగస్టు 12

రాలేదు. మొదటి పేరు వాళ్లకి సరిపోయిందట.

దారిలో డోలి, పోనీలే కాజ్, ఎవరికో ఒకరికి వచ్చింది కదా, వాళ్లింట్లో ఇవాళ పండగ, అంది. నాకంత మంచితనం లేదు. ఆ ఎవరో మీద కోపంగా ఉంది.

ఇంటి ముందు రెండు టైర్ల చారలు, వాటి మధ్య నా అడుగులు. చారల్లో కింది పాత తారు బూడిద రంగులో కనిపిస్తోంది. మా కారు వీధి పొడుగునా పెట్టిన తారు మరకల్ని డెన్నీ బ్రష్షు పట్టుకుని గీకుతున్నాడు. మా ముఖాలు చూసి బ్రష్షు పక్కన పెట్టాడు. మాంసం కూరి ఉడికించిన క్యాబేజీ చుట్టలు వాళ్లావిడ పంపిందని గిన్నె ఇచ్చి వెళ్లిపోయాడు. నిన్నటిదాకా నేను తిట్టిన మనిషి.

ఆగస్టు 26

బకెట్టులో సీలర్ మిగిలే ఉంది. చారలు దిద్దుకోరాదూ, నీ ముఖం చూడలేకపోతున్నా, అంది డోలి. చెయ్యను. దిద్దితే మళ్లీ రెండు రోజులు దారి మూసెయ్యాలి. ఆమె పేరు జాబితాలో ఉన్నంతకాలం ఈ దారి మూసే ప్రశ్నే లేదు. కారు బయటే, వీధివైపు ముఖం పెట్టి ఉంచుతున్నాను.

అక్టోబరు 20

ఇక చలి. యాభై డిగ్రీల కింద సీలర్ ఆరదు. పూడ్చిన బీట మళ్లీ విచ్చుకుంది. నీళ్లు దిగి, గడ్డకట్టి, వసంతానికల్లా తారు ఉబ్బి లేస్తుంది. అన్నీ తెలిసే వదిలేశాను. బాధగా ఉంది. అబద్ధం ఎందుకు రాయాలి?

డిసెంబరు 5

ఊరి పక్క సరస్సు మీంచి గాలి తెచ్చి కొట్టిన మంచు మోకాళ్ల లోతు పడింది. పార పట్టుకుని బయటికెళ్లేసరికి మా డ్రైవ్‌వే శుభ్రంగా ఉంది. తెల్లారకముందే డెన్నీ ట్రక్కుకి మంచు తోసే పలక తగిలించుకుని వచ్చి మొత్తం తోసేశాడు. తన ఇంటి ముందు మాత్రం అలాగే ఉంది. ముందు మీదే పెద్దాయనా, ఫోను మంచు ఆగేదాకా ఆగుతుందా, అన్నాడు. శుభ్రమైన తారు మీద మూడు నూనె చుక్కలు. నోరు తెరిచాను, థాంక్స్ అన్నాను.

జనవరి 30

మంచు. డెన్నీ వచ్చాడు.

ఫిబ్రవరి 13

మంచు. డెన్నీ వచ్చాడు. దేవుడు వాణ్ణి చల్లగా చూడాలి అని రాయబోయి, వెచ్చగా అని దిద్దాను.

మార్చి 9, శనివారం, పొద్దున ఆరు

ఫోను వచ్చింది. ఈసారి మొదటి పేరు. బయట ఏమీ కనబడని మంచు. డెన్నీ ముందు మంచు తోసుకుంటూ వెళతాడట, వెనకే రమ్మంటున్నాడు. డోలి కారెక్కింది. వెళుతున్నా.

మార్చి 10

వచ్చింది!

హైవే దాకా డెన్నీ ట్రక్కు ఎర్ర దీపాలు చూసుకుంటూ తోలాను. అక్కడ వాడు పక్కకి తప్పుకుని చెయ్యి ఊపాడు. ఆపరేషన్ అయింది. బల్ల మీద ఉండగానే కొత్త కిడ్నీ పని మొదలుపెట్టిందని డాక్టరమ్మ చెప్పింది. మంచానికి వేలాడుతున్న సంచిలో పసుపుపచ్చని మూత్రం. దాన్ని చూసి నేను ఏడుస్తుంటే నర్సు పాపం నీళ్లు తెచ్చి ఇచ్చింది.

చనిపోయి కిడ్నీ ఇచ్చిందెవరో చెప్పరు. వాళ్లింటి ముందు ఇవాళ చుట్టాల కార్లు నిండిపోయి ఉంటాయి. డ్రైవ్‌వేలో చోటు చాలక గడ్డి మీద కూడా పెట్టి ఉంటారు. ఆ ఇంట్లోవాళ్లకి ఎలా దణ్ణం పెట్టను? ఏ దిక్కుకి తిరిగి పెట్టను?

కిందటిసారి మా బదులు ఎవరికో వచ్చిందని కోపగించుకున్నాను. ఆ ఎవరో బాగుండాలి.

జూలై 28

డోలి చర్చి మెట్లు తనంతట తానే ఎక్కింది.

ఆగస్టు 16

బీటలు పూడ్చాను. డ్రైవ్‌వే నిండా డెన్నీ నూనె మరకలే. సబ్బు పోసి ఒక్కొక్కటే రుద్దాను. ఒక్కో మరకా ఒక్కో మంచు పొద్దు. ఇంత ఇష్టంగా నేనెప్పుడూ నూనె కడగలేదు. డెన్నీ వచ్చి రెండో బ్రష్షు అందుకున్నాడు. కొంచెం ఉండనివ్వండి పెద్దాయనా, నా గుర్తుగా, అన్నాడు. సీలర్ పట్టదురా అన్నాను. ట్రక్కుకి ఆ కారడం బాగుచేయించుకోవచ్చుగా అని మాత్రం అనలేదు.

ఆగస్టు 17, శనివారం

సీల్ చేశాను. టైర్ల చారలు, నా అడుగులు, అన్నీ నల్లగా మునిగిపోయాయి. తాడు కట్టాను.

మీ కారేదీ, అన్నాడు డెన్నీ. గ్యారేజీలో, అన్నాను. పొద్దున డోలే తెచ్చి లోపల పెట్టింది.

వరండాలో ఇద్దరం కూర్చున్నాం. నాలుగింటికి లోపల ఫోను మోగింది. ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.