మా గ్రౌండుకి పడ్డ ఎత్వం

జూన్ 3, మధ్యాహ్నం

నా రాత కోడి కాళ్ళతో గీరినట్టు ఉంటుంది. తప్పులు కూడా ఉంటాయి, క్షమించాలి. ఎవరు క్షమించాలో తెలీదు, ఇది ఎవరికీ రాయడం లేదు కదా. ఐదో తరగతితో నా చదువు ఆగింది.

ఇంట్లో నేను మాట్లాడేది తక్కువ. మామయ్య ఎదురుగా అయితే అసలు లేదు. పెళ్ళై ఏడాదైంది, ఆయన నా గొంతు విన్నది తుమ్మినప్పుడే.

జూన్ 5

మా ఆయన సైకిళ్ళు బాగుచేస్తారు. అది పని. ప్రాణం మాత్రం గ్రౌండ్. ఊరి టీమ్‌కి ఆయనే వికెట్ కీపర్. షాపుకి తాళం మర్చిపోతారు గానీ పిచ్‌కి నీళ్ళు మర్చిపోరు. నేను అలిగితే కనిపెట్టరు, పిచ్ బీటలిస్తే కనిపెడతారు.

ఆ స్థలంలో గోడౌను కట్టాలని ధాన్యం వ్యాపారి అర్జీ పెట్టాడట. ఆఫీసర్ వచ్చి తేలుస్తారట. ముందు గ్రౌండ్ చరిత్ర రాసి ఇమ్మన్నారట. టీమ్‌లో అందరూ బ్యాటు పట్టేవాళ్ళే, పెన్ను పట్టేవాడు లేడు. మా ఆయన మొదలుపెట్టారు గానీ కాగితానికి గ్రీజు తప్ప అక్షరం అంటలేదు. నన్ను రాయమన్నారు.

జూన్ 6, పొద్దున

మామయ్య వరండాలో కూర్చుని చెప్పారు, నేను తలుపు వెనక కూర్చుని రాశాను.

ఒకప్పుడు అది ఊరి కళ్ళం. పంట వచ్చిందంటే పశువులు గుండ్రంగా తిరిగేవి. చుట్టూ జనం. అలిసిపోయాక పశువులకి నీళ్ళు పెట్టేవారు. ఆ తొక్కుడుకే నేల ఇనుములా బిగిసింది, బంతి అందుకే అలా లేస్తుంది. మిషన్లు వచ్చాక పశువుల పని పోయింది. ఖాళీగా ఉందని కుర్రాళ్ళు మూడు కర్రలు పాతారు.

మొదటి మ్యాచ్ పెళ్ళైనవాళ్ళకీ కానివాళ్ళకీ జరిగిందని అత్తయ్య వంటింట్లోంచి అందుకుంది. మామయ్య మొదటి బంతికే అవుటట. అది చరిత్ర కాదని ఆయన కసిరారు.

"మీరు నెగ్గితే చరిత్ర, సున్నా కొడితే కాదా? రాయవే అమ్మాయ్," అంది అత్తయ్య.

రాశాను.

జూన్ 9

మా ఆయన కాగితాలు ఆఫీసులో ఇచ్చేశారు. చెయ్యి ఇంకా నొప్పి.

జూన్ 14, సాయంత్రం

పొయ్యి మీద అన్నం ఉంది. అయినా ఇప్పుడే రాయాలి.

ఆఫీసర్‌కి పిచ్ పక్కనే కుర్చీ వేశారు. ఆడవాళ్ళం బౌండరీ దగ్గర నిలబడ్డాం. ఆయన నా కాగితాలు పైకి చదివారు. "ఈ గ్రౌండ్ ఒకప్పుడు ఊరి కళ్ళెం" అని.

కళ్ళం అని రాయాల్సింది. ఎత్వం పెట్టేశాను. ఒకచోట కాదు, రాసిన ప్రతిచోటా. ధాన్యం నూర్చే చోటు కాస్తా గుర్రం మూతికి ఎక్కింది.

ఆఫీసర్ మాత్రం తల ఊపుతున్నారు. కళ్ళెం అంటే ఈ పశువులు గుర్రాలన్నమాట అన్నారు. గుండ్రంగా తిరగడం, చుట్టూ జనం, ఆఖర్న నీళ్ళు, అన్నీ కుదిరాయట. మిషన్లంటే మోటారు బళ్ళట. ఇక్కడ పందేలు జరిగేవట. మొదట్నుంచీ ఆటస్థలమే గనక ఆటకే ఉంచాలట. అదే కళ్ళమై ఉంటే ధాన్యం చోటు గనక రూలు ప్రకారం గోడౌనుకే ఇవ్వాల్సి వచ్చేదట.

ఆ మాటతో టీమ్ మొత్తం నోళ్ళు కుట్టేసుకుంది.

వ్యాపారి లేచాడు. ఇది కళ్ళమేనని ఊరందరికీ తెలుసన్నాడు. ఈ ఊళ్ళో గుర్రం మొహం చూసినవాడెవడని అడిగాడు. ఆఫీసర్ మామయ్య వైపు తిరిగారు. మామయ్య అబద్ధమాడరు. నిజం చెబితే కొడుకు ప్రాణం పోతుంది. అందుకని దగ్గు అందుకున్నారు. అది ఎంతకీ ఆగలేదు.

రాసిందెవరని ఆఫీసర్ అడిగారు. టీమ్ వేళ్ళన్నీ నా వైపు లేచాయి. మా ఆయన ఒక్కరే పిచ్‌ని చూస్తున్నారు, ఆసుపత్రి మంచం మీద మనిషిని చూసినట్టు.

ఆఫీసర్ నన్ను పిలిచి, ఇది కళ్ళమా కళ్ళెమా అన్నారు.

"నేను రాసింది కళ్ళెమేనండీ," అన్నాను.

అందులో అబద్ధం లేదు.

మామయ్య దగ్గు ఆగిపోయింది. ఇంటికొచ్చే దారిలో అత్తయ్య, "నోట్లో నాలుక లేదనుకున్నాను కదే," అంది.

జూన్ 15

సంతకం అయింది. గ్రౌండ్ మాదే. మా ఆయన సంతోషంగా నన్ను మళ్ళీ చదివిస్తానన్నారు. కాసేపటికి వద్దులే అన్నారు. గుణింతాలు నేర్చుకుంటే ప్రమాదమట.

జూన్ 22

మామయ్య తాతగారికి తెల్ల గుర్రం ఉండేదట. ఆ తాత మేకని చూసినా గోడెక్కేవాడని అత్తయ్య అంటుంది. మామయ్య అబద్ధమాడరు. గుర్తు చేసుకుంటారు.

జూలై 1, పొద్దున

వ్యాపారి ఎక్కడినుంచో గుర్రాన్ని కొనుక్కొచ్చి పిచ్ మీద కట్టేశాడు. చరిత్ర ప్రకారం ముందు హక్కు దానిదేనట. ఎవరం కాదనలేకపోతున్నాం. మా ఆయన దానికే నీళ్ళు పెడుతున్నారు.

ఈ కాగితాలు ఎవరికి దొరికినా కాల్చేయండి. అగ్గిపెట్టె లేకపోతే గుర్రానికి వేయండి. ఏదైనా తింటుంది.