పెంచలయ్య పాస్‌వర్డ్

ఎర్రదిబ్బ పాళెం,
డిసెంబరు 9

నెల్లూరు సైరన్ల ఆఫీసు సారు గారికి,

తోటపల్లి గూడూరు మండలం, ఎర్రదిబ్బ పాళెం కామమ్మ దండాలు పెట్టి రాసేది. మా పాళెం తుఫాను షెల్టరులో సైరను మెషీను చూసే పెంచలయ్య నా ఇంటాయన. పోయిన నెల వాయుగుండంలో పోయినాడు. ఆ గది ఊడ్చేదాన్ని, పదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి, ఆ పని నన్నే చూసుకోమన్నారు పాళెం పెద్దలు.

మెషీను ఆన్ చేస్తే నీలం తెర వస్తా ఉండాది. పెంచలయ్య అని పేరు అదే రాసుకుంటా ఉండాది. దాని కింద పాస్‌వర్డ్ అడగతాది. అది నాకు తెలీదు. నాకు వేరేగా లాగిన్ ఇప్పించండి. మళ్ళీ గాలివాన వస్తే మోగించే మనిషి ఉండొద్దా?

ఇట్లు,
కామమ్మ

తా.క.: ఫోను చేస్తే కాగితం మీద రాసి పంపమన్నారు. కాగితం కంటే వాన ముందొస్తే నన్ను అనొద్దు.

*

సాగర హెచ్చరికల కార్యాలయం, నెల్లూరు,
డిసెంబరు 13

శ్రీమతి కామమ్మ గారికి,

మీ ఉత్తరం అందినది. వాయుగుండం సమయంలో శ్రీ పెంచలయ్య గారు విధులు వదిలి పోయినట్లు మీరే తెలియజేసినందుకు అభినందనలు. ఎక్కడికి పోయారో, ఎప్పుడు తిరిగి వస్తారో తెలుపగలరు. ఒకరి ఖాతా ఉండగా మరొకరికి ఇచ్చుటకు వీలులేదు. అత్యవసరమైతే ‘పాస్‌వర్డ్ మరిచిపోయాను’ అనే చోట నొక్కగలరు. పెంచలయ్య గారి ఫోనుకు ఓటీపీ వచ్చును.

ఇట్లు,
జ్ఞానప్రకాశం, కార్యాలయ సహాయకుడు

తా.క.: ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. అడిగితే మాకు కూడా.

*

ఎర్రదిబ్బ పాళెం,
డిసెంబరు 17

జ్ఞానప్రకాశం సారు గారికి దండాలు.

ఎక్కడికి పోయినాడని అడిగినారు. సముద్రం మీద పోయినాడు సారూ. ఇంక రాడు.

మీరు చెప్పినకాడ నొక్కినా. ఓటీపీ పంపినామని తెర మీద వచ్చింది. ఆ ఫోను ఆయన జేబులోనే ఉండాది.

ఇట్లు,
కామమ్మ

తా.క.: మీ ఓటీపీని ఈపాటికి ఏ చేపో చదువుకుంటా ఉంటాది.

*

సాగర హెచ్చరికల కార్యాలయం,
డిసెంబరు 20

శ్రీమతి కామమ్మ గారికి,

శ్రీ పెంచలయ్య గారు సముద్ర మార్గాన పోయారని, ఇక రారని గమనించడమైనది. అయితే ఆ మాట మీరు చెబితే చాలదు. వారే స్వయంగా కార్యాలయానికి వచ్చి, రాజీనామాపై సంతకం చేయవలెను.

ఇట్లు,
జ్ఞానప్రకాశం

తా.క.: చేప అనువారు మన సిబ్బందిలో లేరు. వారికి ఓటీపీ ఎలా చేరినదో సంజాయిషీ ఇవ్వగలరు.

*

ఎర్రదిబ్బ పాళెం,
డిసెంబరు 23

సారూ,

ఈసారి తిన్నగా రాస్తా. పోయినాడంటే చచ్చిపోయినాడని. ఆ మాట నా చేత్తో రాయలేక అట్లా రాసినా.

ఆ పొద్దు ఆయనకు సెలవు. తమ్ముడి పడవలో మనిషి తక్కువైతే తెల్లారే వేటకు పోయినాడు. నేను గది ఊడుస్తా ఉంటే అక్కడుండే ఫోనుకు మీ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ‘వాయుగుండం దోవ మారింది, సైరను మోగించండి’ అన్నారు. ‘మా ఆయన లేడు సారూ’ అంటే, ‘ఎవరో ఒకరు నొక్కండమ్మా’ అని పెట్టేసినారు.

మెషీను ఆన్ చేసినా. పాస్‌వర్డ్ అడిగింది. మా పాప ఉష పేరు కొట్టినా. తప్పు అనింది. మా అత్త పేరు కొట్టినా. తప్పు. పోలేరమ్మ పేరు కొట్టినా. అదీ తప్పేనని తాళం పడిపోయింది. ఇంట్లోకి ఉరికి, కంచం తెచ్చి, గరిటెతో కొట్టుకుంటా ఒడ్డు వెంబడి పరిగెత్తినా. దగ్గర్లో ఉన్న పడవలు చూసి తిరుక్కున్నాయి. వాళ్ళది రాలేదు. అన్నదమ్ములిద్దరూ దొరకలేదు.

ఆయన్ని ఆఫీసుకు రమ్మన్నారు. రాగలిగితే ముందు ఇంటికి వచ్చేవాడు సారూ.

ఇట్లు,
కామమ్మ

తా.క.: చేపలు మా పాళెంలో చానా ఉండాయి. సంజాయిషీకి దేన్ని పంపమంటారు?

*

నెల్లూరు,
డిసెంబరు 26

అమ్మా కామమ్మ గారూ,

ఇది ఆఫీసు కాగితం కాదు, నా సొంత కాగితం. కావలి నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాను. ఉత్తరం పూర్తిగా చదవకుండా జవాబు రాయడం అలవాటైపోయింది. మీ ఉత్తరం క్యారేజీ ముందు పెట్టుకుని చదివాను. తినలేక మూత పెట్టేశాను. నన్ను క్షమించండి.

మా ఇంజినీరు గారిని అడిగాను. వాళ్ళున్నంత దూరానికి సైరను మోగినా వినపడేది కాదన్నారు.

కొత్త ఖాతాకు చాలా రోజులు పడుతుంది. అంతవరకు గాలివాన ఆగదు కదా. పెంచలయ్య గారి ఖాతా తాళం నేనే తీయించాను. మెషీను ఆన్ చేస్తే ‘కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి’ అంటుంది. ఎంత కంగారులోనైనా గుర్తుండేది ఇవ్వండి. మీ పేరే పెట్టేసుకోండి.

ఇట్లు,
జ్ఞానప్రకాశం

తా.క.: సొంత పేరు పెట్టరాదని నిబంధన ఉంది. ఇక్కడికి వచ్చీరాగానే అది రాసింది కూడా నేనే. పట్టించుకోకండి.

*

ఎర్రదిబ్బ పాళెం,
జనవరి 2

జ్ఞానప్రకాశం అన్నకు,

మీరు చెప్పినట్టే మెషీను ఆన్ చేసినా. కొత్త పాస్‌వర్డ్ అడిగింది. ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు ఒక్కొక్కటే వెతుక్కుని కొట్టినా. ఎర్రగా ఏందో వచ్చింది: ‘ఇది మీ పాత పాస్‌వర్డే. వేరొకటి ఇవ్వండి.’

నాకు అర్థం కాలా. ఉషను పిలిచి చదవమన్నా. అది రెండుసార్లు చదివింది. ‘అమ్మా, నాయన పెట్టుకునింది నీ పేరే’ అనింది.

పెళ్ళయినకాడి నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదన్నా. ‘ఇదిగో’ అనేవాడు, ‘ఏమే’ అనేవాడు. మా తోడికోడలితో, ‘నా పేరు ఈయనకు తెలుసో లేదో’ అని నవ్వేదాన్ని. రోజూ పొద్దున్నే ఆ గదిలో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుని, నా పేరు కొట్టేవాడంట. నేను పక్కనే చీపురు పట్టుకుని ఉండేదాన్ని.

ఆ పొద్దు అందరి పేర్లూ తోచినాయి. నా పేరు తోచలేదు.

మీ ఇంజినీరు చెప్పింది నిజమో, నా కోసం మీరు రాసినారో అడగను. మీరూ చెప్పొద్దు.

వేరేది పెట్టినా. ఇప్పుడు తెరుచుకుంటా ఉండాది. నిన్న సైరను మోగించి చూసినాం. మోగుతాదని ముందే చాటింపు వేసినా, ఆడోళ్ళందరూ ఒడ్డుకు వచ్చి, ఆగిపోయిందాకా నిలబడినారు.

ఇట్లు,
కామమ్మ

తా.క.: కొత్త పాస్‌వర్డ్ ఉషకూ, తోడికోడలికీ చెప్పేసినా. నిబంధన ఒప్పుకోదంటే మీ ఆఫీసోళ్ళని వచ్చి నన్నే అడగమనండి. ఒక్కరి మనసులోనే పెట్టుకుని పోతే ఎట్టుంటాదో వాళ్ళకు నేను చెప్తా.