చివరి పేజీలో ఆఖరి పాదం

మిస్ హాలోరన్ గారికి,

మీరు పంపిన మా విన్నీ సమగ్ర కవితల ప్రూఫులు అందాయి. కవిత్వం నాకు తెలీదు, డులూత్ రేవులో పడవలు బాగుచేసి బతికినవాణ్ణి. అయినా చివరి పేజీ గురించి రాయక తప్పడం లేదు.

మీరు 'ఆఖరి కవిత' అని వేసింది కవిత కాదండీ. మతిమరుపు ముదిరాక విన్నీ తనకోసం ఇల్లంతా అంటించుకున్న చీటీలవి. "ఇది పొయ్యి. ముట్టుకోకు." "పిల్లి చచ్చిపోయింది. వెతకొద్దు." ఆమె పోయాక పారేయలేక, నేనే వాటిని ఊడదీసి ఆమె నోటుబుక్కులో అతికించాను. పాదాలు అంత పొట్టిగా ఎందుకున్నాయో ముందుమాటలో రెండు పేజీలు రాశారు. చీటీ వెడల్పే అంత మరి.

తీసేయమని అడగను. చదివితే నాకూ ఏడుపొచ్చింది.

ఆఖరి పాదం మాత్రం కొట్టేయండి. "ఈయన నీ భర్త. భయపడకు." అది ఆమె రాయలేదు. ఒక పొద్దున నన్ను చూసి, ఎవరో ఇంట్లో దూరాడని కేకలు పెట్టింది. తన రాతైతే నమ్ముతుందని, ఆమె అక్షరాల్లాగే రాసి చొక్కాకి అంటించుకున్నాను. చదివి, మర్యాదగా కుర్చీ చూపించింది.

"నా కవితలో కామా ముట్టుకున్నా చేతులు విరగ్గొడతా, ముసలోడా" అనేది. నలభై ఏళ్ళలో ఆమె రాతలో నా మాట ఒక్కటీ చేర్చలేదు. అడ్డుకోవడానికి ఆమె లేనప్పుడు చేర్చలేను.

ఇట్లు,
విన్నీ భర్త