చుక్కకు గంటకు రెండు చెంబులు

మస్తానన్నా, సలాం.

నువ్వు వెళ్లి అయిదు నెలలైంది. పొద్దున మన పశువుల ఆసుపత్రి తలుపు తీయగానే ఇప్పటికీ నీ సైకిల్ కోసం గోడవైపు చూస్తాను. హ్యాండిల్ రాసుకున్న గీత అలాగే ఉంది. గోడకు సున్నం వేస్తామని వచ్చారు, ఆ పక్క వద్దన్నాను. 

నిన్న మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు పట్టింది. సముద్రపు గాలి కిటికీ రెక్కను మెల్లగా కొడుతోంది. కలలో నువ్వు మన వేపచెట్టు కింద సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నావు. కింద ఏ గొడ్డూ లేదు. ఒక్కో బొట్టు ఇసుకలో పడుతోంది, ఇసుక తాగేస్తోంది. నువ్వు మాత్రం ఎంతో శ్రద్ధగా బొట్లు చూస్తున్నావు. ఎవరికని అడగబోయేసరికి మెలకువ వచ్చేసింది. ఎవరికన్నా ఆ సీసా?

అందుకే ఈ ఉత్తరం. చుక్క సంగతి చెప్పాలి. కంగారు పడకు, నీ బర్రె బతికే ఉంది. అది ఎలా బతికిందో చెప్పే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం గుర్తుందా? విరేచనాలతో పారుకుని పారుకుని పడిపోయిన దూడను తెచ్చారు. నేను పుస్తకం తెరిచాను. నువ్వు నవ్వాపుకుని, "పుస్తకం యాడికీ పోదు డాక్టరమ్మా, ముందు మెడ మింద తోలు పట్టి వదులు" అన్నావు. పట్టి వదిలాను. తోలు గుడారంలా అలాగే నిలబడిపోయింది. తరువాత నా వేలు పట్టుకుని దూడ చిగుళ్ల మీద పెట్టించావు. జిగురుగా, పొడిగా ఉంది. లోపలికి దిగిపోయిన కన్ను చూపించావు. "గొడ్డు నోరు తెరిచి అడగదు, మనమే చూసుకోని ఇయ్యాల" అన్నావు. ఆ తరువాత సీసాను చంకలో పెట్టుకుని కూర్చున్నావు, అది వెచ్చబడేదాకా. వానాకాలం కదా... చల్లటి నీళ్లు నరంలోకి పోతే దూడ వణుకుతుందని. కాలేజీలో అయిదేళ్లు చదివిన నాకు ఎవరూ చంక సంగతి చెప్పలేదన్నా.

గేటు పక్కన నీళ్ల తొట్టి కూడా నీదే. కుక్కలు, మేకలు, అంగడికి పోయే ఎడ్లు... "దాహమన్నదాన్ని ఎనక్కి పంపబాక" అనేవాడివి. రిటైరయ్యాక కూడా పొద్దునే వచ్చి నింపి వెళ్లేవాడివి.

అలాంటి నిన్ను నేను వెనక్కి పంపాను.

నీ గుండె అలిసిపోయింది, కిడ్నీలు చేతులెత్తేశాయి. రోజుకు నాలుగు గ్లాసులకు మించి వద్దన్నారు నెల్లూరు డాక్టర్లు. నీ పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. ఒళ్లంతా నీళ్లే, నోరు మాత్రం ఎడారి. నీళ్లు లేక కాదు, ఉండాల్సిన చోట లేక... ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అయినా ఆ చివరి సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, "గొడ్డుకైనా ఇస్తావు గదా ఒక్క గుక్క... నాకియ్యవా డాక్టరమ్మా?" అన్నావు.

ఇవ్వలేదు. తడి దూది నీ పెదాలకద్ది లేచి వచ్చేశాను. తెల్లవారేసరికి కబురొచ్చింది.

ఆ తరువాత మీ ఇంటివైపు నేను వెళ్లలేదన్నా. నిన్ను మట్టి చేసిన రోజు వెళ్లిందే ఆఖరు. భర్త పోయిన ఆడది కాబట్టి మాబున్నీ వదిన ఇద్దత్‌లో ఉంది, నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, ఆడదాన్ని కాబట్టి నేను వెళ్లి పలకరించవచ్చు... ఇవన్నీ తెలుసు. అయినా మైపాడు రోడ్డులో మీ సందు రాగానే బండి వేగం పెంచేసేదాన్ని. వదిన ముఖం ఎలా చూడాలి?

నేను వెళ్లి ఉంటే చుక్కకు ఆ గతి పట్టేది కాదు. సాయంత్రం పూట దాన్ని మా చర్చి దగ్గరి మంచినీళ్ల బోరుకు తోలుకొచ్చేది నువ్వే. నువ్వు లేవు, వదిన గడప దాటదు. మేత పక్కింటివాళ్లు వేసేవారు. ఒక బకెట్ మంచినీళ్లు కూడా తెమ్మని అడగడానికి వదినకు మొహమాటం. పెరట్లో బోరు ఉంది కదా అనుకుంది. వెనక పొలాలు రొయ్యల గుంటలయ్యాక ఆ బోరు ఉప్పెక్కిందని తనకూ తెలుసు. కానీ ఎండలు ముదిరేకొద్దీ ఎంత ఉప్పయిందో తెలియాలంటే నోట్లో పోసుకోవాలి కదా. మనుషులు తాగేది క్యాన్ నీళ్లు. చుక్క ఒక్కటే ఆ బోరుతో బతికింది.

రోహిణి ఎండల్లో ఒక రోజు అది బోరు నీళ్లు ముట్టలేదు, గోడకు తల ఆనించి నిలబడిపోయింది. వదిన గుండె తరుక్కుపోయింది. దాహమన్నదాన్ని వెనక్కి పంపకూడదు కదా... నీ భార్య కదా! ఇంట్లో ఉన్న రెండు క్యాన్లూ తొట్టిలో కుమ్మరించింది. చుక్క ఒక్క గుక్కలో లాగేసింది. ఆ తరువాత వణుకు మొదలై కుప్పకూలింది. అప్పుడు నాకు ఫోన్ చేయించింది.

నేను వెళ్లేసరికి కాళ్లు కొట్టుకుంటోంది, కళ్లు తెరిచే ఉన్నా చూపు లేదు. నాలుక చాపి తడి నేలను నాకబోతోంది. వదిన ఇంకో బకెట్ మంచినీళ్లు తెప్పించి పట్టుకుని ఉంది. నేను ఆ బకెట్ లాక్కున్నాను.

వదిన నా వైపు చూసింది. మీ అన్నకీ ఇట్నే గదమ్మా చేసినావు, అంది.

ఏం చెప్పాలన్నా? మెదడు సంగతి చెప్పాను. మూత బిగించిన డబ్బాలో ఎండు శనగలుంటే, నీళ్లు ఒక్కసారిగా పోస్తే అవి ఉబ్బుతాయి, డబ్బా సాగదు. ఉప్పుకు అలవాటు పడ్డ తల లోపల ఇప్పుడు జరుగుతున్నది అదే అన్నాను. వదిన వినలేదు. పైగా నేను ఉప్పు సెలైన్ తీయడం చూసి, ఉప్పుతో చచ్చేదానికి మళ్లా ఉప్పా అని నోరు కొట్టుకుంది. నిజమే, వినడానికి అన్యాయంగానే ఉంటుంది. కానీ ఒంట్లో ఎక్కిన ఉప్పు మెల్లగా దిగాలి, మెట్టు మెట్టుగా. నువ్వయితే ఒక్క మాటలో చెప్పేవాడివి.

అప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. రంజాన్ నెలలో ఒక్కపొద్దు విడిచేటప్పుడు నువ్వు ముందు ఒక ఖర్జూరం, తరువాత ఒక్క గుటక, ఆగి ఇంకో గుటక... మన ఆసుపత్రి అరుగు మీద ఎన్నిసార్లు చూశాను! నేనైతే చెంబు ఖాళీ చేసేదాన్ని అంటే, "ఎండిన కడుపు మింద ఒక్కసారిగా పడబాక డాక్టరమ్మా, దానికి నెమ్మదిగా చెప్పుకోవాల" అనేవాడివి. వదినకు అదే గుర్తు చేశాను. అన్న ఎలా విడిచేవాడో నాకంటే నీకే తెలుసు వదినా అన్నాను.

 వదిన లేచి నీ ఇత్తడి చెంబు తెచ్చింది. ఎన్ని, అని అడిగింది. గంటకు రెండు, అన్నాను.

కొట్టం దూలానికి నువ్వు బిగించిన కొక్కేనికి సీసా తగిలించి, బొట్టు మెల్లగా పడేలా తిప్పాను. ఆ మధ్యాహ్నం, మరుసటి రోజు మధ్యాహ్నం... రెండూ నాకు ఒకే మధ్యాహ్నంలా ఉన్నాయి. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే చక్రాలు తిరిగే చప్పుడు, తడి గోనెపట్ట వాసన, బొట్టు తరువాత బొట్టు. చుక్క అరిచినప్పుడల్లా వదిన కళ్లు తుడుచుకునేది, కానీ మూడో చెంబు ముంచలేదు. నువ్వు అక్కడే ఎక్కడో చంకలో సీసాతో కూర్చుని ఉన్నావనిపించింది. ఉన్నావా?

రెండో రోజు ఎండ వాలుతుండగా చుక్క నా చేతిని చూసి కన్నార్పింది. చూపొచ్చింది! నేను ఏడ్చేశాను, డాక్టరమ్మనన్న సంగతే మరిచిపోయి.

అప్పుడే వదిన చెంబులోకి చూస్తూ చెప్పింది. ఆ సాయంత్రం నేను వెళ్లాక నువ్వు మళ్లీ అడిగావట. వదిన తట్టుకోలేక కుండలోంచి ఒక గ్లాసు నిండుగా ముంచి ఇచ్చిందట. చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని, "డాక్టరమ్మకి చెప్పబాక, తిడతాది" అని నవ్వి పడుకున్నావట.

ఆ గ్లాసే నిన్ను తీసుకుపోయిందేమోనని నాలుగు నెలలుగా ఆ నాలుగు గోడల మధ్య వదిన ఒక్కతే కుమిలిపోయింది. నువ్వు దాహంతో పోయావని నేను. ఒకే ఊళ్లో, రెండు సందుల దూరంలో...

ఒక్క గ్లాసుకు మనిషి పోడు వదినా, ఆ గుండె అప్పటికే అయిపోయింది అన్నాను. పశువుల డాక్టర్ మాట నమ్ముతుందా అనుకున్నాను. నమ్మింది. నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. నేను అబద్ధం చెప్పలేదన్నా, ఒట్టు.

పోయిన నెలలో వదిన ఇద్దత్ తీరింది. గడప దాటిన మొదటి రోజే చుక్కను తోలుకుని మా చర్చి బోరు దగ్గరికి వచ్చింది. అది తల ఎత్తకుండా తొట్టి నిండా తాగింది. ఈసారి ఎవరూ ఆపలేదు. నేను మెడ మీద తోలు పట్టి వదిలాను, వెంటనే సర్దుకుంది.

గేటు పక్క తొట్టి రోజూ నేనే నింపుతున్నాను. దాహమన్నదాన్ని వెనక్కి పంపను. ఎంత ఇవ్వాలో చూసుకునే ఇస్తాను. వదిన దగ్గరికి ప్రతి శుక్రవారం వెళ్తాను, ఈ మాట తప్పను.

ఆ కుండనీళ్లు చల్లగా ఉన్నాయా అన్నా? వదిన నాకు చెప్పేసింది.

తిట్టనులే.

నీ డాక్టరమ్మ