ఒంటిమేక మేత

గుండ్లమిట్ట,
పూతలపట్టు మండలం,
9-11-2025, ఆదివారం.

చిరంజీవి లోహితకు,

పెద్దమ్మ తాయమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్న జాబు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, చుక్కా. నువ్వు పలమనేరులో క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఆ ఊరి చలికి నీకు గొంతు పట్టేస్తుంది. పొద్దున్నే బండి మీద పోయేటప్పుడు చెవులకు గుడ్డ కట్టుకో. కట్టుకోవని తెలుసు, అయినా చెప్పడం నా ధర్మం.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ జాబులేమిటని నవ్వుకుంటావు. ఫోనులో మనం రెండు మాటలు అనుకునేలోగా ఎవరి ఆవో ఈనలేక అవస్థ పడుతోందని నీకు ఇంకో ఫోను వస్తుంది. నేను అడగాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. కాగితం అయితే మధ్యలో ఆగిపోదు. బడిలో పిల్లలకు వండిపెట్టిన అన్నేళ్లూ సరుకుల చీటీ తప్ప మరేదీ రాసిన చెయ్యి కాదు ఇది. అక్షరాలు వంకర పోతే నువ్వే సర్దుకుని చదువుకో.

అడగాల్సింది చుక్క గురించి. చుక్క మేత మేయడం లేదు పాపా.

గుట్ట దిగుతూ జారిపడ్డానని, తిరుపతిలో డాక్టరు ఇక గుట్ట ఎక్కొద్దన్నాడని నీకు అప్పుడే చెప్పాను. గుట్ట ఎక్కకుండా మేకల మందను సాకడం నా వల్ల కాలేదు. వినాయక చవితి పోయాక అన్నిటినీ సంతకు తోలించేశాను. చుక్కను మాత్రం ఉంచుకున్నాను. తల్లి చచ్చిపోతే నువ్వు ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టి బతికించిన పిల్ల అది. దాని పలుపుతాడు సంతలో ఎవరి చేతికో ఇవ్వడానికి నాకు మనసు రాలేదు. ఒక్క మేకే కదా, పెరట్లో కట్టేసి కూర్చున్న చోటే మేపుకోవచ్చులే అనుకున్నాను. నాకూ ఒక తోడు ఉన్నట్టు ఉంటుందని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

కొన్నాళ్లు బాగానే మేసింది. దసరా దగ్గర పడే కొద్దీ మేత తగ్గించేసింది. ఇప్పుడు రోజంతా నాలుగు ఆకులు కొరికితే గొప్ప. పక్కటెముకలు చేత్తో తడిమితే తగులుతున్నాయి. పాల మీగడలా ఉండే ఒళ్లు గరుకు తేలిపోయింది.

మేతలో నేనేదో లోటు చేశానని మాత్రం అనుకోవద్దు. నువ్వు నేర్పింది నేర్పినట్టే చేస్తున్నాను. మంచు ఆరేదాకా పచ్చిమేత చూపించను. ముందు కాస్త ఎండుమేత, అదే చెనక్కాయ కట్టె, ఆ తర్వాతే ఆకు. ఆ ఆకైనా నేల మీద పడేయను. చూరుకు తాడు కట్టి, అది మెడ ఎత్తితే అందేటట్టు మోపు వేలాడదీస్తాను. నేల మీద పడింది మేక ముట్టదనీ, ఆకలికి ముట్టినా కడుపులో నట్టల పురుగులు పడతాయనీ నువ్వు మొదటిసారి చెప్పినప్పుడు, మనుషులకు లేని రాజభోగం దీనికేంది అని నవ్వాను. ఇప్పుడు రాజభోగమే జరుగుతోంది, రాణిగారే నోరు తెరవడం లేదు. ఒకే ఆకు అయితే మొహం మొత్తుతుందని అవిసె, రేగు, వేప మార్చి మార్చి కడుతున్నాను. తుమ్మకాయలంటే ప్రాణం పెట్టేది కదా, ఏరుకొచ్చి అరచేతిలో పెట్టాను. మూతి ఆనించి, నా చెయ్యి నాకి, అవతలికి తిరిగింది. నువ్వు ఇచ్చిపోయిన ఉప్పు ఇటుక గుంజకు వేలాడుతూ వానతేమకు కరుగుతోంది కానీ దాని నాలుకకు కాదు.

అన్నం మాత్రం పెట్టలేదు. ఆ పాఠం ఈ జన్మకు మరిచిపోను. బడిలో పిల్లల పండగకు వండిన పొంగలి మిగిలితే పారేయడానికి చేతులు రాక తెచ్చి మేకలకు పెట్టిన మనిషిని కదా నేను. నెయ్యి వేసిన పొంగలి, పాపం అవి ఎంత ఆశగా తిన్నాయో. మర్నాటికి కడుపులు ఉబ్బి కాళ్లు బార్లా చాపి పడుకున్నాయి. నువ్వు మన ఊరి పశువుల ఆసుపత్రికి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన రోజులు. సంచి భుజాన వేసుకుని వచ్చి, నీళ్లలో వంటసోడా కలిపి ఒక్కొక్కదానికీ తాగించి, అవి లేచి నిలబడిన తర్వాత నా వైపు తిరిగావు. "మేక కడుపు ఆకు కోసరం చేసింది పెద్దమ్మా. దాంట్లో పొంగలి పోస్తే పులిసిపోతాది. అంత ప్రేముంటే గంప ఎత్తుకోని పోయి ఆకు కోసకరాపో" అన్నావు. నా వంటను తిట్టిన మనిషిని అంతవరకూ నేను చూడలేదు. కోపం వచ్చింది. ఆ కోపంలోనే నీకు అన్నం పెట్టాను. నువ్వు తిని, ముందుగది అద్దెకు ఇస్తావా అని అడిగావు.

నువ్వు ఉన్నన్నాళ్లూ నా వంటకు ఒక లెక్క ఉండేది. ఇప్పుడు గిన్నె చిన్నదైనా పెద్దదైనా చెయ్యి మాత్రం పాత కొలతే వేస్తుంది. సరేలే, ఆ సంగతి పక్కన పెట్టు, చుక్క సంగతికి వస్తాను.

నీకు బదిలీ అయ్యాక నీ చోటికి వచ్చిన మునిప్రసాద్ అనే అబ్బాయిని పిలిపించాను. మంచి పిల్లవాడే. కంటి రెప్పలు తిప్పి చూశాడు, జ్వరం చూశాడు, నట్టల మందు పట్టాడు, పేడ ఉండలు కూడా చిదిమి చూశాడు. జబ్బేమీ లేదన్నాడు. జబ్బు లేకపోతే ఎందుకు తినదు నాయనా అంటే సంచి సర్దుకుని బండెక్కాడు. వీధి చివర దొరస్వామి మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఆయనకు తెలియని విద్య ఉంటే కదా. అది దిష్టి అన్నాడు, మిరపకాయలు తిప్పి నిప్పులో వేయమన్నాడు. వేశాను. ఘాటుకు దగ్గి దగ్గి నేను పెరట్లోంచి వీధిలోకి వచ్చి పడ్డాను. చుక్క గుంజ దగ్గరే నిలబడి, ఈ ముసలిదానికి ఏమయింది అన్నట్టు చూసింది. నా తిక్క చూసి నాకే నవ్వొచ్చింది, కానీ పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

అసలు సంగతి ఒక ఆదివారం తెలిసింది. మన వెనకింటి కృపామణి ఆదివారం చర్చికి పోతుంది కదా, ఆమె మేకల దొడ్డికి ఆ పూట నేను కాపలా. ఆకు కట్టి, నీళ్లు చూడడం నా పని. ఇంట్లో ఒంటరిగా వదలడమెందుకని ఆ పొద్దు చుక్కను కూడా వెంట తీసుకుపోయాను. దొడ్డిలో మోపు కట్టానో లేదో, అన్నీ వచ్చి తోసుకుంటూ మూతులు పెట్టాయి. వాటి మధ్యలోంచి చుక్క తల దూర్చింది. నేను అలాగే నిలబడిపోయాను పాపా. ఇంట్లో నేను బతిమాలినా ముట్టని అవిసె ఆకునే, పక్క మేక నోట్లోది లాక్కుని మరీ తింది. కడుపు నిండి, పడుకుని నెమరు వేసింది. చాలా రోజుల తర్వాత దాని దవడ కదలడం చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కృపామణి చర్చి నుంచి వచ్చి, ఏమైందని భయపడింది.

ఇంటికి తెచ్చి కట్టేశాను. మళ్లీ మామూలే.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. ఒకసారి జబ్బు పడ్డ పిల్లను మందకు దూరంగా కట్టేస్తుంటే నువ్వు వద్దన్నావు. "ఒంటిమేక మేయదు పెద్దమ్మా. దూరంగా కట్టినా సరే, ఇంకొకటి దాని కండ్లకి కనపడతా ఉండల్ల" అన్నావు. కనబడాలి అన్నావు కదా, కనబడితే చాలు కదా అని నాకు ఒక ఉపాయం తట్టింది. ముందుగదిలో నువ్వు వదిలిపోయిన నిలువుటద్దం ఉంది. దాన్ని దించి, పెరట్లోకి మోసుకొచ్చి, గోడకు ఆనించి, పక్కనే ఆకు మోపు కట్టాను. మోకాలి నొప్పితో ఆ అద్దాన్ని ఎలా మోశానో ఆ దేవుడికే తెలుసు.

నమ్మితే నమ్ము, చుక్క మేసింది. అద్దంలో ఇంకో మేకను చూసింది, చెవులు నిలబెట్టింది, అది మేస్తుంటే ఇదీ మేసింది. రెండు రోజులు నా తెలివికి నేనే మురిసిపోయాను. దొరస్వామిని పిలిచి చూపించాను కూడా. మూడో రోజు పలుపు కాస్త వదులుగా ఉన్నట్టుంది, చుక్క మెల్లగా అద్దం పక్కకు నడిచి దాని వెనక్కి తల పెట్టింది. అటు చూసింది, ఇటు చూసింది. గోడా అద్దమూ తప్ప అక్కడ ఏముంది. కాసేపు నిలబడి, తిరిగి వచ్చి గుంజ దగ్గర పడుకుంది. ఆ తర్వాత అద్దం వైపు చూడనే లేదు. మేక పిచ్చిది అని ఎవరన్నారో కానీ, పిచ్చిదైతే ఎంత బాగుండేది.

కృపామణి ఇదంతా చూసి, నాకు బాధ కలుగుతుందని మెల్లమెల్లగా మాట ఎత్తింది. చుక్కను తన మందలో వదలమంది. "నీ మేక నీదే అక్కా, యాడికీ పోదు. ఈడైతే నాలుగిట్తో కలిసి మేస్తాది. ఆడ కట్టేసుకుంటే చూస్తా చూస్తా పోగొట్టుకుంటావు" అంది. ఆమె చెప్పిందాంట్లో తప్పు లేదు. చుక్క బతకాలంటే దాన్ని ఇంట్లోంచి పంపాలి. పంపితే ఈ ఇంట్లో పిలిస్తే చెవి కదిపే ప్రాణి ఇంకొకటి ఉండదు. నీకు ఫోను చేసినప్పుడు వెనక నుంచి మే మే అని అరిచేది కూడా అదొక్కటే. ఏమీ తోచక లోహితను అడిగి చెబుతానన్నాను. నీ చేతుల్లో బతికిన పిల్ల కాబట్టి నీ మాటే చివరి మాట. ఇవ్వమంటావా, ఇంకేదైనా మేత మార్చి చూడమంటావా. అంబలి తాగించమంటావా, మునగాకు కట్టమంటావా, ఏదైనా సరే చేస్తాను.

ఇది రాస్తుంటే చుక్క నా పక్కనే పడుకుని ఉంది. మొన్నటి వానకు పెరడంతా పచ్చగా లేచింది. లేతగడ్డి ఎక్కువ మేస్తే మేకలకు ప్రమాదమని నువ్వు భయపెట్టేదానివి. ఇప్పుడు ఈ పెరట్లో ఆ భయం లేదు. ఎంత పచ్చగా ఉన్నా మేసే నోరు లేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. హోటలు తిండి తినవద్దు. వీలు చూసుకుని జవాబు రాయి, ఫోను మాత్రం చేయకు, జాబే రాయి. నీ అక్షరాలు నా వాటిలా వంకర పోవు కాబట్టి నాకు చదువుకోవడం సులువు.

నీ ముందుగదికి ఇంకా తాళం వేయని,
పెద్దమ్మ తాయమ్మ.

తా.క.: జాబు మడిచి, మళ్లీ విప్పాను. అబద్ధం రాసిన చోట కొట్టేద్దామంటే చాలా చోట్ల కొట్టేయాలి, వేరే కాగితం లేదు. అందుకే కింద రాస్తున్నాను.

చుక్క నా పక్కన లేదు. నీ జవాబు కోసం చూస్తే అది బతకదని, పోయిన సోమవారమే నేనే తీసుకుపోయి కృపామణి దొడ్డిలో వదిలి వచ్చాను. కడుపు నిండా మేస్తోంది. అక్కడికి పోయిన నాటి కన్నా ఒళ్లు నునుపు తేలింది. నేను పోతే ఒకసారి తల ఎత్తి చూస్తుంది, మళ్లీ ఆకులో మూతి పెట్టేస్తుంది. నాకదే కావాలి. ఇవ్వమంటావా అని నిన్ను ఎందుకు అడిగానంటే, జాబు రాయడానికి నాకు ఇంకో సాకు లేదు.

ఫోను చేయనిది కూడా మాట మధ్యలో ఆగిపోతుందని కాదు. ఎత్తగానే నువ్వు "అన్నం తింటివా పెద్దమ్మా" అంటావు. నీకు ఊఁ కొట్టి అబద్ధం ఆడడం నాకు చేతకాదు. చుక్కను వదిలి వచ్చినప్పటి నుంచి నేను పొయ్యి ముట్టించలేదు. టీ తాగుతున్నాను. కృపామణి సంగటి పంపితే రెండు వేళ్లకు తగిలినంత తింటున్నాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అద్దాన్ని తెచ్చి నీ గదిలో మళ్లీ పెట్టాను. పెట్టి, నవ్వకు, దాని ముందు కంచం పెట్టుకుని కూర్చుని చూశాను. చుక్క రెండు రోజులన్నా మోసపోయింది. నేను మొదటి ముద్దకే లేచి వచ్చేశాను.

నీకు వీలైన ఆదివారం ఒకటి చూసుకుని రా. ముందుగా రాస్తే ఆ పొద్దు పొయ్యి ముట్టిస్తాను.