చేతులతో మాట్లాడే చానెల్

ముంచింగిపుట్టు మండలం,
17 మే 2026, ఆదివారం.

తమ్ముడు ఫల్గుణకు,

నీ అక్క సోములమ్మ మనసారా ఇస్తున్న దీవెనలు. ఇక్కడ నేను, మీ బావ భీముడు, సెలవులకొచ్చిన కనక, నాలుగు మేకలు అందరం కులాసా. పార్వతీపురంలో నువ్వూ మరదలూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ ఏడు మన కాఫీ బాగా పూసింది.

నువ్వు ఈ కొండల్లో డిష్‌లు బిగించడం మానేసి అక్కడి షాపులో చేరి నాలుగేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ ఒక ఉత్తరం ముక్క రాయలేదని నీకు కోపం ఉంటే ఉండనీ. ఒకప్పుడు నాకే నీమీద కోపం ఉండేది. ముందు ఆ సంగతి చెప్పాలి.

మా ఇంటికి డిష్ పెట్టిన రోజు గుర్తుందా? మీ బావ సినిమాల కోసం ముచ్చటపడి తెప్పించుకున్నాడు. పుట్టు చెవుడుతో పెరిగిన మా కనకకు అప్పటికి తొమ్మిదేళ్ళు. బొమ్మ కుదిరిందో లేదో చూడడానికి నువ్వు చానెళ్ళన్నీ తిప్పుతున్నావు. ఒకదాంట్లో ఒకావిడ పెదవి కదపకుండా చేతులతో ఏదో చెబుతోంది. నువ్వు మార్చబోయేసరికి కనక పరుగున వచ్చి నీ మణికట్టు పట్టుకుంది.

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో పిల్లలు చేతులూపి దాన్ని వెక్కిరించడం చూసీ చూసీ ఉన్నాను.

"మా గుంటని టీవీలో కూడా ఎక్కిరిస్తన్నారేటి? తీసీ!" అని అరిచాను.

"ఎక్కిరింపు కాదక్కా, చెవులినబడనోలకి అదే బాస. పైనుంచి దేశమంతటికీ పాఠం పంపుతున్నారు, మన కొండకీ వచ్చింది" అన్నావు. బొగ్గు తీసి ఆ చానెల్ నంబరు గోడమీద రాసి వెళ్ళావు.

ఆ సాయంత్రమే నేను గోడ అలికేశాను. కనక అప్పటికే నంబరు కళ్ళతో పట్టేసుకుంది.

రోజూ అదే చానెల్ పెట్టుకుని టీవీలో వాళ్ళు ఎలా చేస్తే అలా చేసేది. మన బడి టీచరు స్వర్ణ గారు ఒకరోజు వచ్చి చాలాసేపు చూశారు. తనే ఆఫీసుల చుట్టూ తిరిగి, కొండ కింద మైదాన ప్రాంతంలో ఉన్న చెవిటి పిల్లల హాస్టలు బడిలో దాన్ని చేర్పించారు.

ఆ ఏడు దసరా సెలవులకు కనక ఇంటికొచ్చింది. దాని చేతులు ఎంత వేగంగా తిరుగుతున్నాయో! నన్నేదో అడిగింది. అన్నం పెట్టాను. మళ్ళీ అడిగింది. నీళ్ళిచ్చాను. మూడోసారి అడగలేదు. చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. అదేం అడిగిందో దానికీ ఇప్పుడు గుర్తు లేదట. నాకు మాత్రం, ఒళ్ళో పడి ఉన్న ఆ చేతులు చాలాకాలం కళ్ళ ముందు నుంచి పోలేదు.

అది తిరిగి వెళ్ళిన మర్నాడే చేటలో చోళ్ళ గింజలు చెరగడం పక్కన పెట్టి టీవీ ముందు కూర్చున్నాను. మాట హిందీలో వచ్చేది, నాకు రాదు. చెట్టు బొమ్మ, ఆవు బొమ్మ చూపించి సైగ చేసేవారు. బొమ్మల్నే పట్టుకున్నాను. జోరు వాన పడితే చానెల్ పోయేది, వెలిస్తే వచ్చేది. మీ బావ ఒకటే నవ్వు. "ఈ వయసులో నీకు బడేటే?" అనేవాడు.

ఆ తర్వాతి వేసవిలో గాలివానకు డిష్ మూతి తిరిగిపోయింది. తెరమీద సిగ్నల్ లేదని రాసి ఉందట, ఎన్నిసార్లు నొక్కినా అదే. కనక వచ్చేందుకు ఇంకా పది రోజులు. నువ్వేమో పార్వతీపురంలో. నేనే రేకుల మీదికెక్కాను. దక్షిణానికి రవ్వంత తూర్పుగా ఉండాలని నువ్వు అప్పుడు చెప్పిన మాటొక్కటే ఆధారం. వేలెడు తిప్పడం, దిగి టీవీ చూడడం, మళ్ళీ ఎక్కడం. రెండు రోజులు అదే పని. మోకాళ్ళు దోక్కుపోయాయి. మూడో రోజు పైన ఉండగా లోపల్నుంచి కేక వినబడింది.

"ఆగు, ఆగు! కదపకు! వచ్చీసింది!"

మీ బావ. పొలం మానేసి టీవీ ముందు కాపలా కూర్చున్నాడు. నేను నట్లు బిగించి దిగేసరికి, చూసేవాళ్ళెవరూ లేరనుకుని, తనూ చేతులు తిప్పుతున్నాడు.

కనకను తీసుకురావడానికి బస్సు దగ్గరికి నేనే వెళ్ళాను. ఏవేవో అడగాలని దారి పొడుగునా అనుకున్నాను. దాన్ని చూడగానే అన్నీ మరిచిపోయాను. నా చేతులు మాత్రం అడిగాయి: అక్కడ నీకు జడ ఎవరు వేస్తారు?

కనక సంచి కింద పెట్టేసింది. నా చేతులు చూసింది, నా మొహం చూసింది. తర్వాత చెప్పింది. తనే వేసుకుంటుందట. వంకరగా వస్తుందట. దారి పక్క రాయిమీద కూర్చోబెట్టి అక్కడే జడ వేశాను. వేస్తున్నంతసేపూ నా చేతులు ఖాళీ లేక మాట్లాడలేకపోయాను. అది మాత్రం వీపు నాకు పెట్టి, నాకు కనబడేలా చేతులు పైకెత్తి ఆగకుండా చెబుతూనే ఉంది.

తమ్ముడూ, ఇప్పుడు నీతో పని పడింది. పెదబయలు పైన ఒక గూడెంలో నాలుగేళ్ళ గుంటకు వినబడదని తెలిసి మొన్న వెళ్ళి చూసొచ్చాను. ఇంట్లో టీవీ ఉంది. డిష్ బిగించడానికి అంత పైకి ఎవరూ రారట. "సైగలు నేర్పితే ఇక మాటలు రావేమో" అని దాని తల్లి భయపడుతోంది. కనకను వెంటబెట్టుకుని వెళ్ళి నేను చెబుతాను. నువ్వు ఒక్కరోజు సెలవు పెట్టుకుని బేగి రా. రేకులెక్కడం నాకు అలవాటే.

నీ రాకకు ఎదురుచూసే
అక్క సోములమ్మ

తాజా కలం: మామయ్యా, నేను కనకను. అమ్మకు రాయడం రాదు. గుమ్మంలో నాకు ఎదురుగా కూర్చుని ఈ ఉత్తరమంతా చేతులతో చెప్పింది, నేను రాశాను. ఎవరు నోటితో ఎలా అన్నారో ఆ మాటలు మాత్రం నాకు వినబడలేదు కదా, అవి స్వర్ణ టీచరుకు నోటితో చెప్పి రాయించింది. రెండు రోజులు పట్టింది. మధ్యలో చేతులు నొప్పి పుట్టి అమ్మ రెండుసార్లు లేచి వెళ్ళి, మేకలకు నీళ్ళు పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది.