గోరు దిగని మాలు

తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. నీ ఒంటినీ నీ చేతి తాపీపనినీ దేవుడు చల్లగా చూడాలని రోజూ వేడుకుంటున్నాను.

ముందుగా మంగళవారం పొద్దున సంగతి రాస్తాను. ఎప్పటిలాగే ప్రార్థన ముగించి కిందికి దిగాను. చిన్నబావ బట్టీలో కట్టెలు ఎగదోస్తున్నాడు. చిన్నక్క బల్ల మీద పిండి మర్దిస్తోంది. తొలి వాయి రొట్టెలు అప్పుడే బయటికి వచ్చాయి. నేను పాలు కాచి, గ్లాసు పట్టుకుని అమ్మ గదికి మెట్లెక్కాను. బట్టీ పొగగొట్టం ఆ గది గోడలోంచే కదా పైకి పోయేది. వెచ్చగా ఉంటుందని అమ్మ మంచం ఆ గోడకే ఆనించుకుంది. కిటికీ తెరవనివ్వదు. "చలి లోపలికొస్తే నువ్వు తోలతావా?" అంటుంది.

ఈమధ్య అమ్మ బుగ్గలు ఎర్రబడ్డాయి. చిన్నబావ చూసి మురిసిపోయాడు. "చూశారా వదినా, అత్తయ్యకి పెళ్ళికళ వచ్చేసింది. అంతా పొగగొట్టం బీటలు పూడ్చిన నా మేస్త్రీపని మహిమ" అన్నాడు. మేమూ నవ్వాం.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ ఉత్తరం అదే రోజు మధ్యాహ్నం అందింది. చిన్నక్క మోకాలు నొప్పి తగ్గింది. పొగగొట్టం బీటల్లో చిన్నబావ కలిపి పూసిన మాలు మీద గోరుతో గీసి చూడమన్నావు. గీశాను. గోరు విరిగింది కానీ గీత పడలేదు. మేకుతో గీసినా అంతే.

చిన్నబావ తల వంచుకుని నిలబడ్డాడు. "బామ్మర్దే కదా వదినా, మాలు గట్టిగా కలపమని రాశాడు. అందుకే సిమెంటు దట్టించాను" అన్నాడు.

ఇప్పుడొచ్చిన నీ ఉత్తరంలో ఆ ముక్క అందరికీ వినపడేలా చదివాను. గట్టిగా అంటే నీళ్ళు తక్కువ పోయమని, సిమెంటు కుమ్మరించమని కాదని రాశావు. పాత ఇటుక మెత్తనిది, దానికి సున్నం పాలే ఎక్కువ ఉండాలి, మాలు ఎప్పుడూ ఇటుక కన్నా ఓ మెట్టు కింద ఉండాలి అన్నావు. వేడికి రెండిట్లో ఏదో ఒకటి లొంగాలి, మాలు లొంగకపోతే ఇటుక పగులుతుంది అన్నావు.

"గట్టిగా అంటే గట్టిగానే అనుకున్నాను" అన్నాడు చిన్నబావ.

మంచం జరిపి చూశాం. మాలు చెక్కు చెదరలేదు. దాని పక్క ఇటుకలే పెచ్చులూడి, నా చిటికెనవేలు దూరేంత సందు పడింది. దీపం దగ్గర పెడితే మంట గది లోపలికి వాలింది. వాసన మాత్రం లేదు.

తమ్ముడూ, పైన క్షేమం అని రాసింది చేతి అలవాటు. కొట్టేద్దామంటే మనసు రాలేదు. మంగళవారం నేను పాలు తీసుకెళ్ళేసరికి అమ్మ లేవలేదు. ఎంత పిలిచినా, ఎంత కుదిపినా లేవలేదు. నేనూ చిన్నబావా మోసుకొచ్చి వాకిట్లో గాలికి పడుకోబెడితే చాలాసేపటికి కళ్ళు తెరిచింది. నా మొహంలోకి చూసి, "ఎవరమ్మా నువ్వు?" అంది. డాక్టరు ఆ బుగ్గల్ని చూడగానే పొయ్యి ఎక్కడని అడిగాడు. "ఇది ఆరోగ్యం ఎరుపు కాదు, పొయ్యిలోంచి వచ్చే, వాసన తెలియని విషగాలి. ఇంకో రాత్రి ఆ గదిలో పడుకుంటే నాకు కబురు పెట్టే పని ఉండదు" అన్నాడు.

దేవుడు ఒక్క పొద్దుటికి దయ చూపాడు. రెండోసారి అడగడానికి నాకు భయంగా ఉంది.

అమ్మ ఇప్పుడు కింద, కొట్టు వెనకాల పడుకుంది. నేనెవరో ఇంకా పోల్చుకోలేదు. గోడను మాత్రం మర్చిపోలేదు. పక్కనున్న గోడ తడిమి, "ఇది చల్లగా ఉందేమ్మా, నన్ను నా గోడ దగ్గరికి తీసుకుపో" అంటోంది. ఎవరూ చూడనప్పుడు మెట్ల దాకా వెళ్ళింది కూడా.

సాయంత్రం అందరం కూర్చుని అనుకున్నాం. బట్టీ ఆర్పేశాం. నువ్వు వచ్చి ఆ మాలంతా చెక్కి, సున్నంతో మళ్ళీ పూసేదాకా అగ్గిపుల్ల గీయకూడదు. చిన్నబావ తానే చెక్కుతానంటే చిన్నక్క వద్దంది. పైగదికి తాళం వేశాం. తాళంచెవి నా దగ్గరే ఉండాలి, నీకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదు. అమ్మ ఏడ్చి అడిగినా సరే.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తూ,
పెద్దక్క